తెర మీద సగం కథ – తరగతిలో మిగతా సగం

సెప్టెంబరు 17వ తేదీ ఒక్కటే. దానికున్న పేర్లు మాత్రం అనేకం. షోలాపూర్ జిల్లా ఎల్ల దాటి ధారాశివ్‌లో, అంటే నిన్నటి ఉస్మానాబాద్‌లో, అడుగుపెడితే అది మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం. కలబురగి వైపు వెళితే కల్యాణ కర్ణాటక ఉత్సవం. తెలంగాణలో 2022లో రాష్ట్ర ప్రభుత్వం దానిని జాతీయ సమైక్యతా దినమన్నది. అదే ఏడు కేంద్ర ప్రభుత్వం హైదరాబాద్ విమోచన దినంగా జరిపి, 2024 మార్చిలో ఆ పేరును అధికారికంగా ప్రకటించింది. 2024 సెప్టెంబరు నాటికి తెలంగాణలో వచ్చిన కొత్త ప్రభుత్వం ప్రజా పాలన దినోత్సవం అని మరొక పేరు పెట్టింది. 1948లో హైదరాబాద్ సంస్థానం లొంగిపోయిన ఆ రోజును ఏ పేరుతో తలచుకోవాలో పెద్దలకే పొత్తు కుదరనపుడు, ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల విద్యార్థులు దానిని ఎలా అర్థం చేసుకోవాలి?

షోలాపూర్ నేతపేటలకు ఈ ప్రశ్న దూరపుది కాదు. అశోక్ చౌక్, సాఖర్ పేట, దాజీ పేట, భద్రావతి పేటలలో మరమగ్గాల చప్పుడు నడుమ వినిపించే తెలుగు, కరీంనగర్, వరంగల్, నల్గొండ, మెదక్ ప్రాంతాల నుంచి పందొమ్మిదో శతాబ్దం మొదలుకొని దఫదఫాలుగా వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలది. షోలాపూర్ నిజాం ఏలుబడిలో ఉండేది కాదు, బొంబాయి రాష్ట్రంలో ఉండేది. అందుచేత 1947–48లో రజాకార్ల దౌర్జన్యాలకు వెరచి సంస్థానం విడిచి వచ్చినవారికి ఈ జిల్లా ఆశ్రయమయింది. స్టేట్ కాంగ్రెస్ వారి సరిహద్దు శిబిరాలు కొన్ని ఇక్కడే నడిచాయి. తెలుగు ఇళ్లలో ముసలివారు చెప్పిన కథల్లో రజాకారు అనే మాట నేటికీ పిల్లలను భయపెట్టే మాట. అదే తరగతి గదిలో, అదే బల్ల మీద కూర్చునే ముస్లిం నేత కుటుంబపు పిల్లవాడి ఇంట్లో, ముఖ్యంగా ఉస్మానాబాద్, గుల్బర్గా వైపు బంధుత్వాలున్న ఇంట్లో, ‘పోలీస్ యాక్షన్’ అనే మాటకు అంతే భయం ఉండవచ్చు. ఒకరి కథ మరొకరికి తెలియదు. ఈ రెండు కథల మధ్యకు ఇప్పుడు సినిమా వచ్చింది.

2024 మార్చి 15న ‘రజాకార్’ చిత్రం విడుదలయింది. యాట సత్యనారాయణ దర్శకుడు. ‘హైదరాబాద్ మౌన జాతిహత్య’ అన్న అర్థం వచ్చే ఆంగ్ల ఉపశీర్షిక దానికి తగిలించారు. నిర్మాత గూడూరు నారాయణరెడ్డి భారతీయ జనతా పార్టీ నాయకుడు. 2023 సెప్టెంబరులో టీజర్ వెలువడినపుడే నాటి తెలంగాణ మంత్రి కె.టి. రామారావు ఇది మతాల మధ్య చిచ్చుపెట్టే యత్నమని ఆక్షేపించి, సెన్సార్ బోర్డు దృష్టికి తీసుకువెళతామన్న విషయం విదితమే. రాజకీయ పక్షాల వాదన ఎలా ఉన్నా, థియేటర్‌కు వెళ్లని పిల్లలకు సైతం అటువంటి చిత్రాల తునకలు చేతిలోని ఫోన్‌లో దొరుకుతున్నాయి. ఆ తునకలో చంపడం ఉంటుంది, ఏడ్పు ఉంటుంది, పగ ఉంటుంది. అంతకు ముందు ఏమి జరిగిందో, ఆ తరువాత ఏమి జరిగిందో ఉండదు.

ఈ స్థితిలో బడి చేయగలిగినవి రెండే అన్నట్టు మాట్లాడేవారున్నారు. ఒకటి, ఇటువంటి సినిమాల ప్రస్తావనే తరగతిలోకి రానివ్వకపోవడం. రెండు, పిల్లలందరినీ కూర్చోబెట్టి సినిమా చూపించి చప్పట్లు కొట్టించడం. మొదటిది పిల్లవాడిని ఫోన్‌కు అప్పగించడం. రెండవది బడినే థియేటర్‌గా మార్చడం. మూడో దారి ఒకటి ఉంది. సినిమాను సాక్షిగా బోనెక్కించి ప్రశ్నలడగడం విద్యార్థులకు నేర్పడమే ఆ దారి.

పేరులోనే ఉన్న పేచీ

ప్రశ్నలు మాటతోనే మొదలు కావాలి. తెలుగు పత్రికలు నరమేధం, మారణహోమం, ఊచకోత, జాతిహత్య అనే మాటలను ఒకదాని బదులు మరొకటిగా వాడేస్తాయి. మరాఠీలో నరసంహార్ అంటారు, వంశసంహార్ అంటారు. మేధం, హోమం అనేవి యజ్ఞానికి సంబంధించిన మాటలు. చంపినవాడు చేసిన పనికి అవి తెలియకుండానే ఏదో పవిత్రతను అంటగడతాయని పిల్లలకు చెప్పడం అవసరం.

‘జెనోసైడ్’ అన్న మాటను 1944లో రఫాయెల్ లెమ్కిన్ అనే పోలెండ్ యూదు న్యాయవాది కల్పించాడు. గ్రీకులో జాతి అని అర్థమిచ్చే మాటకు, లాటిన్‌లో చంపడమని అర్థమిచ్చే మాటను జతచేశాడు. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి ఈ నేరంపై ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం దానిని 1959లో ధ్రువీకరించింది. ఆ ఒడంబడిక ప్రకారం ఎంతమంది చనిపోయారన్నది మొదటి ప్రశ్న కాదు. ఒక జాతిని, తెగను, వర్ణాన్ని లేదా మతసమూహాన్ని పూర్తిగానో కొంతమేరకో నాశనం చేయాలన్న ఉద్దేశం ఉన్నదా అన్నదే మొదటి ప్రశ్న. ఆ ఉద్దేశంతో చంపడమే గాక, తీవ్రంగా గాయపరచడం, బతకలేని పరిస్థితులు కల్పించడం, పుట్టుకలను అడ్డుకోవడం, పిల్లలను బలవంతంగా వేరే సమూహానికి తరలించడం కూడా ఆ నేరం కిందికే వస్తాయి. రాజకీయ పక్షాలు, వర్గాలు ఆ నిర్వచనంలో లేవు.

ఈ నిర్వచనం తెలిసిన విద్యార్థి సినిమా శీర్షికలో ఉన్న మాటను అలాగే మింగడు. ఎవరు, ఎవరిని, ఏ ఉద్దేశంతో, దానికి ఆధారమేమిటి అని అడుగుతాడు. అలా అడగడం చనిపోయినవారిని అవమానించడం ఎంతమాత్రం కాదు. ఆ నేరానికి సరిగ్గా పేరు పెట్టడం న్యాయానికి తొలిమెట్టు.

‘పోలీస్ యాక్షన్’ అనే పేరునూ ఇలాగే పరీక్షకు పెట్టవచ్చు. ఆ చర్య చేసింది పోలీసులు కారు, సైన్యం. 1948 సెప్టెంబరు 13న మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలోని ప్రధాన దళం కదిలింది షోలాపూర్ నుంచే. హైదరాబాద్ రోడ్డు మీద నలదుర్గం కోట తొలిరోజునే చేజిక్కింది. నేటికీ షోలాపూర్ పిల్లలు విహారయాత్రకు వెళ్లే కోట అది. చరిత్ర ఇంత దగ్గరలో ఉన్నా, దానిని సినిమాలోనే చూడవలసి రావడం బడులు ఆలోచించవలసిన సంగతి.

సెప్టెంబరు 17కు ముందు, తరువాత

సినిమాను ప్రశ్నించాలంటే సంగతులు చేతిలో ఉండాలి. రజాకార్ల హింస కట్టుకథ కాదు. లాతూర్ వకీలు కాసిం రజ్వీ నాయకత్వాన పెరిగిన ఆ సాయుధ దళం, నిజాం పోలీసుల అండతో పల్లెల మీద పడింది. 1948 మేలో బీదర్ జిల్లా గోర్టాలో, ఆగస్టు 27న నేటి సిద్దిపేట జిల్లా బైరాన్‌పల్లిలో గ్రామస్థులను పెద్ద సంఖ్యలో చంపారు. బైరాన్‌పల్లి బురుజు ఇప్పటికీ ఆ ఊరి ఎదిరింపుకు గుర్తుగా నిలిచి ఉంది. అదే ఆగస్టులో, బైరాన్‌పల్లి ఘటనకు కొద్ది రోజుల ముందు, ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను హైదరాబాద్ వీధిలో హతమార్చారు. సంస్థానం భారత్‌లో కలవాలని, రజాకార్ల ఆగడాలు ఆగాలని రాసిన ముస్లిం పాత్రికేయుడాయన. రజాకార్ల చేతిలో చనిపోయినవారి జాబితాలో ఈ పేరు ఉందని తెలిసిన పిల్లవాడికి, ఆ నేరాన్ని మొత్తం ఒక మతానికి అంటగట్టడం కుదరదని వేరే చెప్పనక్కరలేదు.

సెప్టెంబరు 17 తరువాతి సంగతి అంతగా ప్రచారంలో లేదు. సంస్థానంలో, ప్రత్యేకించి మరాఠీ, కన్నడ జిల్లాలలో, ముస్లింలపై ప్రతీకార హత్యలు, దోపిడీలు, స్త్రీలపై అత్యాచారాలు జరిగినట్టు వార్తలు రాగా, నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్ నాయకత్వాన ఒక బృందాన్ని పంపింది. కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ అందులో సభ్యులు. 1948 నవంబరు 29 నుంచి డిసెంబరు 21 వరకు వారు సంస్థానంలోని 16 జిల్లాలలో తొమ్మిదింటిలో తిరిగారు. తాము వెళ్లలేని 109 గ్రామాలకు చెందిన 500 మందికి పైగా మనుషులతో మాట్లాడారు. సైనిక చర్య కాలంలోను, ఆ తరువాతను కనీసం 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయి ఉంటారని అంచనా వేశారు. అన్నిటికంటే ఎక్కువ నష్టపోయినవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నారు. వీటిలో మొదటి రెండూ షోలాపూర్ సరిహద్దు జిల్లాలు కావడం గమనార్హం. అదే నివేదిక రజాకార్ల దురాగతాలను సైతం దాచలేదు.

ఆ నివేదిక దశాబ్దాలపాటు ప్రజల ముందుకు రాలేదు. 2013 నాటికి గాని ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో చదివే వీలు కలగలేదు. జాతి నిర్మూలనపై ప్రపంచ దేశాలు పారిస్‌లో ఒడంబడికను ఆమోదించిన 1948 డిసెంబరు 9న, ఈ బృందం సంస్థానంలో పర్యటిస్తూనే ఉంది. విద్యార్థుల చేత కాలపట్టిక గీయిస్తే ఈ రెండూ పక్కపక్కనే పడతాయి. అప్పుడు ఉపాధ్యాయుడు ఉపన్యాసం ఇవ్వనవసరం లేదు.

తెర ఏమి చూపింది, ఏమి విడిచింది

‘రజాకార్’ కథ సంస్థానం విలీనంతో ముగుస్తుంది. విజయం దగ్గర తెర దించడం కథకు సౌకర్యం, చరిత్ర మాత్రం మరునాడు ఉదయం కూడా సాగింది. ఇదే కాలాన్ని తీసుకున్న మరో తెలుగు చిత్రం 1979 నాటి ‘మాభూమి’. ఉర్దూ రచయిత కృష్ణచందర్ నవల ఆధారంగా బెంగాలీ దర్శకుడు గౌతమ్ ఘోష్ తీయగా, బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించారు. అందులో పోరు ప్రధానంగా దొరకూ రైతుకూ మధ్య. సైన్యం వచ్చాక దొర మళ్లీ ఊళ్లోకి రావడం అందులో ఉంది. ఒకే గడ్డ, ఒకే కాలం. ఒక చిత్రంలో మతం ముందుకు వచ్చింది, మరొక దానిలో భూమి ముందుకు వచ్చింది. ఉస్మానాబాద్, గుల్బర్గాలలో తరువాత జరిగిన దానికి ఈ రెండింటిలోనూ ప్రధాన స్థానం లేదు.

ఈ రెండు చిత్రాలలో మంచిదేది అని తేల్చడం తరగతి పని కాదు. ఏ దర్శకుడు ఏది ఎంచుకున్నాడు, ఏది వదిలాడు, ఎందుకు అని పిల్లలు వెతకాలి. 2018లో వచ్చిన మహారాష్ట్ర పదో తరగతి చరిత్ర పుస్తకంలో ప్రసార మాధ్యమాలు–చరిత్ర, వినోద మాధ్యమాలు–చరిత్ర అనే పాఠాలే ఉన్నాయి. కనుక ఇది పాఠ్యక్రమం వెలుపలి పని కాదు.

విదేశీ చిత్రాలనూ ఇదే జల్లెడ పట్టాలి. రువాండాలో 1994లో దాదాపు వంద రోజులలో సుమారు 8 లక్షల మందిని చంపారు. దానిపై 2004లో వచ్చిన ‘హోటల్ రువాండా’ ఒక హోటల్ మేనేజరును వీరుడిగా చూపింది. ఆ హోటల్‌లో తలదాచుకొని బతికి బయటపడినవారిలో పలువురు ఆ చిత్రణ నిజం కాదని తరువాత గట్టిగా ఆక్షేపించారు. సినిమా చూసి కంటతడి పెట్టిన విద్యార్థి, ఆ ఆక్షేపణను కూడా చదివితేనే పాఠం పూర్తవుతుంది. ‘షిండ్లర్స్ లిస్ట్’ తీసిన స్పీల్‌బర్గ్ మరుసటి ఏడు, 1994లో, బతికి ఉన్నవారి వాంగ్మూలాలను రికార్డు చేసే సంస్థను నెలకొల్పాడు. యాభై వేలకు పైగా వాంగ్మూలాలు అక్కడ పోగయ్యాయి. సినిమా ఒక వాకిలి, సాక్ష్యాలు దాని వెనుక ఉన్న ఇల్లు అని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్న తగిన ఉదాహరణ దొరకదు.

న్యాయస్థానంలో సినిమా

సినిమా నిజంగానే సాక్ష్యంగా నిలిచిన సందర్భం ఉంది. 1945 నవంబరు 29న న్యూరెంబర్గ్ న్యాయస్థానంలో నాజీ నిర్బంధ శిబిరాలపై సైన్యం తీసిన చిత్రాన్ని ప్రదర్శించారు. దానికి ముందు ఒక ప్రమాణపత్రం చూపించారు. ఈ చిత్రాలు తీసింది ఎవరో అందులో ఉంది. దృశ్యాలను ఏ విధంగానూ మార్చలేదని హాలీవుడ్ దర్శకుడు జార్జ్ స్టీవెన్స్ చేసిన ప్రమాణం ఉంది. నిందితులకు వకీళ్లు ఉన్నారు, వారికి ఎదురు ప్రశ్న వేసే హక్కు ఉంది. తెర మీద చూసినంత మాత్రాన తీర్పు ఇచ్చేయలేదు. విచారణ సాగి 1946 అక్టోబరు 1కి గాని ముగియలేదు. కొందరు నిందితులు నిర్దోషులుగా విడుదలయ్యారు కూడా.

ఈ ఒక్క ఉదంతం ఫోన్‌లో వచ్చే తునకకూ, సాక్ష్యానికీ తేడా ఏమిటో తేటతెల్లం చేస్తుంది. ఎవరు తీశారు? ఎప్పుడు, ఎక్కడ తీశారు? నటులా, నిజమైన మనుషులా? ముందు వెనుకలు కత్తిరించారా? ఎదుటి పక్షానికి మాట్లాడే అవకాశం ఉందా? ఈ అయిదు ప్రశ్నలు గోడ మీద రాసిపెట్టిన తరగతిలో పిల్లలు పుకారుకు తొందరగా లొంగరు.

తీర్పు అంటే పగ తీర్చుకోవడం కాదు

సినిమాలో న్యాయం చివరి పావుగంటలో జరిగిపోతుంది. వీరుడు దుష్టుడిని చంపుతాడు, జనం లేచి వెళ్లిపోతారు. బయట అది అంత సులభం కాదని పిల్లలు తెలుసుకోవాలి. రువాండాకై ఏర్పరచిన అంతర్జాతీయ న్యాయస్థానం 1998 సెప్టెంబరు 2న జాతి నిర్మూలన నేరంపై తొలిసారి ఒకరిని దోషిగా నిర్ధారించింది. శిక్షపడిన జాన్ పాల్ అకయేసు ఒక పట్టణానికి మేయరు, అంతకు పూర్వం బడి పంతులు. చదువు చెప్పినంత మాత్రాన మనిషి నేరానికి దూరమైపోడన్నది ఉపాధ్యాయ లోకమే మొదట గుర్తుంచుకోవలసిన పాఠం. మిగిలిన లక్షల కేసుల కోసం ఆ దేశం పల్లెల్లో ‘గచాచా’ సభలు నడిపింది. పచ్చిక మీద కూర్చుని తీర్పు చెప్పే పాత పద్ధతి అది. సరిహద్దు పల్లెల రచ్చబండను ఎరిగినవారికి ఇది కొత్తగా తోచదు. 2012లో అవి ముగిసేనాటికి దాదాపు 19 లక్షల కేసులు విచారించారు. వకీళ్లు లేకుండా సాగిన ఆ విచారణలలో లోపాలున్నాయన్న విమర్శ కూడా వచ్చింది.

తెలుగు నేల మీద చుండూరు ఉంది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లాలోని ఆ ఊళ్లో ఎనిమిది మంది దళితులను చంపారు. దానిని ఎవరూ జాతి నిర్మూలన అని పిలవనక్కరలేదు. న్యాయం ఎలా నడుస్తుందో చెప్పడానికి అది చాలు. బాధితులు పట్టుపట్టి ఆ ఊళ్లోనే ప్రత్యేక న్యాయస్థానం పెట్టించుకున్నారు. పదహారేళ్లకు, 2007 జులై 31న, 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు వారిని నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఆ పైన వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. ఢిల్లీలో 1984 నాటి సిక్కుల హత్యల కేసులో ఒక మాజీ పార్లమెంటు సభ్యుడికి శిక్ష పడడానికి 34 ఏళ్లు పట్టింది. 2018 డిసెంబరు 17 నాటి ఆ తీర్పులోనే, జాతి నిర్మూలన అనే నేరానికి దేశ శిక్షాస్మృతిలో చోటు లేదని ఢిల్లీ హైకోర్టు ఎత్తిచూపింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ లోటు తీరలేదు.

కాసిం రజ్వీ విషయమూ పిల్లలకు చెప్పాలి. అతడిని అరెస్టు చేశారు, కోర్టులో విచారించారు, శిక్ష వేశారు. 1957లో విడుదలై పాకిస్తాన్‌కు వెళ్లిపోయాడు. ఇది చాలా తక్కువ శిక్ష అని ఒక విద్యార్థి అనవచ్చు. విచారణ లేకుండా మరాఠ్వాడా పల్లెల్లో చనిపోయినవారికి ఆ మాత్రం కోర్టు కూడా దక్కలేదు కదా అని మరొకరు అడగవచ్చు. ఈ రెండు మాటలూ ఒకే గదిలో వినబడితే ఆ పీరియడ్ వృథా పోలేదన్నమాట.

కోర్టు పేరుతో జరిగేదంతా న్యాయం కాదని షోలాపూర్‌కు మరొకరు చెప్పనక్కరలేదు. 1930 మేలో ఈ ఊరి మీద మార్షల్ లా విధించిన ఆంగ్ల ప్రభుత్వం, పోలీసుల హత్య నేరం మోపి మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, శ్రీకిసన్ సార్డా, జగన్నాథ్ శిందేలను 1931 జనవరి 12న ఎరవాడ జైలులో ఉరితీసింది. నలుగురు అమరుల పేరిట ఉన్న కూడలి మీదుగానే నిత్యం ఎందరో విద్యార్థులు వెళతారు. ఆ నాలుగు పేర్లు ఒక్కసారి పైకి చదివితే చాలు, ఈ ఊరి త్యాగం ఏ ఒక్క మతానిదీ కాదని తెలుస్తుంది.

నాలుగు పీరియడ్ల పని

దీనికి ప్రత్యేక నిధులు అక్కరలేదు. నాలుగు పీరియడ్లు చాలు. మొదటి దానిలో మాటలు: జాతి నిర్మూలన, ప్రతీకారం, విచారణ, తీర్పు. వీటిని తెలుగులోనూ మరాఠీలోనూ పలికించాలి. ఇంట ఒక భాష, బడిలో ఒక భాష ఉన్న నేతపేట పిల్లలకు రెండింటిలోనూ ఆ మాటలు అందాలి. రెండవ దానిలో ఏదైనా ఒక చిత్రం నుంచి ఇరవై నిమిషాలు మించకుండా చూపాలి. కొన్ని చిత్రాలకు పెద్దలకు మాత్రమే అన్న ధ్రువపత్రం ఉంటుంది. వాటిని పద్దెనిమిదేళ్లు నిండనివారికి చూపరాదు. చూడలేనంటున్న పిల్లను బలవంతపెట్టరాదు. మూడవ దానిలో ఆ ఇరవై నిమిషాలకు అయిదు ప్రశ్నలు వేయాలి. నాలుగవ దానిలో సుందర్‌లాల్ బృందం చేసినట్టుగా ఊరు, నెల, చూసినవారు, విన్నవారు అని గళ్లు గీసి, ఇంట్లో పెద్దలు చెప్పినదానిని రాసుకురమ్మనాలి.

ఈ చివరి పని కుటుంబాలు పూనుకుంటేనే సాగుతుంది. 1948లో పదేళ్ల వయసున్నవారు ఇప్పుడు తొంభైకి చేరువలో ఉన్నారు. తాము కళ్లారా చూసినది ఏది, పక్కవారి నోట విన్నది ఏది, సినిమాలో చూసినది ఏది అని వారే విడదీసి చెప్పాలి. కొన్నాళ్లు పోతే ఆ విడదీత ఎవరికీ సాధ్యం కాదు. అప్పుడు మిగిలేది సినిమా ఒక్కటే.

తెలుగు బల్ల మీది పిల్లవాడు రజాకార్ల కాలంలో తన ముత్తాత ఊరు ఏమయిందో రాసుకువస్తాడు. ముస్లిం బల్ల మీది పిల్లవాడు పోలీస్ యాక్షన్ తరువాత తన వారు ఎలా చెదిరిపోయారో రాసుకువస్తాడు. రెండూ ఒకే కాలపట్టిక మీద అతికించాలి. ఒకటి మరొకదానికి జవాబుగా అతికించరాదు. ముందు జరిగిన నేరం తరువాతి నేరానికి కారణాన్ని చెప్పగలదు గాని దానిని ఒప్పు చేయలేదు. ఇదే పిల్లలు పట్టుకోవలసిన ముడి.

నివేదికలోని నేతగాళ్లు

సుందర్‌లాల్ నివేదికలో షోలాపూర్ నేతపేటల పిల్లలు తప్పక తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉంది. ఒకే వృత్తిలో ఉన్నవారి మధ్య ఆత్మీయత ఆ కష్టకాలంలో ప్రత్యేకంగా కనిపించిందని ఆ బృందం గుర్తించింది. కొన్ని చోట్ల హిందూ నేతగాళ్లు, దాడికి వచ్చిన హిందువులకు ఎదురు నిలిచి, తోటి ముస్లిం నేతగాళ్లను కాపాడారని, అందుకు కొందరు తమ ప్రాణాలనే ఇచ్చారని రాసింది. ఎత్తుకుపోయిన ముస్లిం స్త్రీలను తిరిగి ఇళ్లకు చేర్చడానికి ఎందరో హిందువులు తోడ్పడినట్టు కూడా పేర్కొన్నది.

ఈ సంగతి మీద ఇంతవరకు పేరుపొందిన సినిమా ఏదీ రాలేదు. ఎదుటివాడి మతం అడగకుండా పక్క మగ్గం మీది మనిషి అన్న ఒక్క గుర్తుతో అడ్డు నిలిచిన ఆ నేతగాళ్ల పేర్లు పుస్తకాలకు ఎక్కలేదు. ఏ ఊరివారో, ఎవరి పూర్వికులో ఈ పేటల ఇళ్లలోనే ఎవరికైనా తెలిసి ఉండవచ్చు. రానున్న సెప్టెంబరు 17న జెండా వందనం అయ్యాక, ఏ పేరుతో ఆ రోజును జరుపుకున్నా సరే, ఈ సంగతిని తరగతిలో చదివి వినిపించి, ఇళ్లకు వెళ్లి అడిగి రమ్మని పిల్లలను పంపడానికి ఉపాధ్యాయులకు ఎవరి అనుమతీ అక్కరలేదు.